మోచేతి చుక్క

గాజులు తియ్యమంటే పిచ్చమ్మ ఒప్పుకోలేదు.

"ఏడో నెలలో అమ్మోరి ముందర తొడిగిన గాజులు నర్సమ్మా. బిడ్డ చేతికొచ్చినాకనే తీసేది. దీనికి ముందర రెండు పోగొట్టుకోనుండాము. నీకు దణ్ణం పెడతా, వాటి జోలికి పోబాక," అని కోడలు పేరమ్మ రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. పేరమ్మ మణికట్టు నుంచి సగం ముంజేతి దాకా ఆకుపచ్చా ఎరుపూ కలిసిన మట్టిగాజులు. నొప్పి వచ్చినప్పుడల్లా అవన్నీ ఒక్కసారిగా గలగలమనేవి.

కాన్పు బల్ల ఎక్కే మనిషి ఒంటిమీద గాజన్నది ఉండకూడదని కరుణాకుమారికి ట్రైనింగులో నేర్పారు. నేర్పినవాళ్ళు ఈ జాలర్ల పట్టపుపాళెం అత్తల్ని చూసి ఉండరు. ఇంకో రోజైతే ఆమె కూడా పట్టు పట్టేదే. కానీ తనతో పనిచేయాల్సిన రెండో నర్సు సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదు. నిన్న సాయంత్రం ఒక కాన్పు, తెల్లవారి ఇంకొకటి, ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఇది. వాదించడానికి కూడా ఓపిక కావాలి కదా! "సరే, గుడ్డన్నా చుట్టు," అంది. పిచ్చమ్మ సంతోషంగా తన పైట చెంగు చింపి గాజుల మీద చుట్టింది.

అల్లూరుకు తూర్పున, సముద్రం గాలి తగిలేంత దూరంలో ఉన్న ఆ ప్రసూతి కేంద్రానికి గ్లౌజులు లేకపోలేదు. ఒక జత ఉంది. సైకిలు ట్యూబుకు వేసినట్టు వేళ్ళన్నిటికీ అతుకులు వేసి, పౌడరు చల్లి, బీరువాలో భద్రంగా పెట్టి ఉంచింది. డాక్టరుగారు తనిఖీకి వచ్చి అడిగితే చూపించడానికి అవి పనికొచ్చేవి. కాన్పులకు మాత్రం ఒట్టి చేతులే. లైసాల్ నీళ్ళలో ముంచీ ముంచీ కరుణాకుమారి వేళ్ళు ఎప్పుడూ చలికి పగిలినట్టే ఉండేవి.

పేరమ్మ గట్టి మనిషి. అరవలేదు. అరుపు రావాల్సినచోటల్లా ఏది దొరికితే అది పట్టుకుని బిగించింది. చివరి నొప్పికి ఆమెకు దొరికింది నర్సు ఎడమ చెయ్యి. గుడ్డ ఎప్పుడు ఊడిపోయిందో ఎవరూ చూడలేదు. రెండు చేతులూ కలిసి బల్ల ఇనుప కమ్మీకి కొట్టుకున్నాయి, గాజులు పటపటా పగిలాయి. బొటనవేలి కింద ఏదో చురుక్కుమంది. కానీ అప్పటికి తల బయటికి వచ్చింది, మెడకు పేగు ఉంది. దాన్ని తప్పించాలి, భుజం తిప్పాలి, ఇంకేదీ చూసుకునే వేళ కాదు.

ఆడపిల్ల. కాళ్ళు పట్టి వీపు మీద రెండు తట్లు తట్టగానే గొంతు విప్పి ఏడ్చింది. పిచ్చమ్మ కూడా ఏడ్చింది. బొడ్డు కట్టి, కోసి, పిల్లను ఆయా వెంకటశేషమ్మ చేతుల్లో పెట్టాక అప్పుడు చూసుకుంది కరుణాకుమారి. బొటనవేలి కింద కండలో ఆకుపచ్చ పెంకు దిగి ఉంది. పేరమ్మ మణికట్టు మీద కూడా పొడుగ్గా చీరుకుంది. ఏ నెత్తురు ఎవరిదో తెలియకుండా ఇద్దరి చేతులూ తడిసి ఉన్నాయి.

పెంకు పీకి, నెత్తురు పిండి, అయోడిన్ పోసి గుడ్డ కట్టుకుంది. పేరమ్మకూ కట్టింది. ఇలాంటివి చిన్నవి పెద్దవి ఎన్నో అయ్యాయి. సూదులు గుచ్చుకున్నాయి, మందు సీసాల మెడలు విరిగి తెగాయి. ఆ పూటకు దాన్ని మరిచిపోయేదే.

గుడ్డలు ఉతుకుతూ వెంకటశేషమ్మ అన్న మాటతో మరుపు ఎగిరిపోయింది.

"ఈ పిల్ల బతికి బట్టకట్టింది, అది చాలు. మొదటిది ఏడో నెలలోనే పోయిందంట. రెండోది తోలంతా ఊడిపోయి పుట్టింది, నేనే చూసినా. దాని మొగుడు ఆ మునెయ్య మద్రాసులో శానా దినాలుండి వచ్చినాడు గదా సిస్టరు, యాడ ఏం తగిలించుకోనొచ్చినాడో."

కరుణాకుమారి చేతిలో ఉన్న దూది అలాగే ఉండిపోయింది. వరసగా కడుపులు పోవడం. తోలు ఊడిన బిడ్డ. ఊరుగాని ఊళ్ళో ఉండి వచ్చిన మొగుడు. ట్రైనింగు పుస్తకంలో ఈ మూడూ ఒకేచోట, ఒకే జబ్బు పేరు కింద ఉన్నాయి. జనం దాన్ని సవాయి అనేవారు, అదీ గొంతు తగ్గించి. మగవాడు బయట అంటించుకుని వచ్చి ఇంట్లో ఆడదానికి ఇచ్చే జబ్బు. నెత్తురులో ఉంటుంది. బొటనవేలి కింద గాయం అప్పుడు మొదలుపెట్టింది సలపడం.

*

కేంద్రం వెనకే నర్సు క్వార్టరు. అత్త రెబెక్కమ్మ ఏడుస్తున్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలోనే ఎదురైంది. వాడికింకా పళ్ళు కూడా రాలేదు. తల్లి వాసన తగలగానే రెండు చేతులూ చాచాడు.

కరుణాకుమారి వాణ్ణి తీసుకోలేదు. "గేదెపాలు కాచి, నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పొయ్యండత్తా," అంది.

"నీకేమైంది? పాలు కారి రవిక తడిసిపోయుంటే!"

"ఒంట్లో బాగలేదు. జ్వరం వచ్చేట్టుంది. వాడికొద్దు."

జ్వరం లేదు. పాలలో ఆ జబ్బు పోతుందో పోదో ఆమెకు చదివిన గుర్తు లేదు. గుర్తుండి ఉన్నా ఆ రోజు పుస్తకాన్ని నమ్మేది కాదు. పిల్లవాడు ఉగ్గుగిన్నెను చేత్తో నెట్టేశాడు, మూతి తిప్పుకున్నాడు, పోసినవి ఉమ్మేశాడు, ఏడ్చి ఏడ్చి నానమ్మ భుజం మీదే నిద్రపోయాడు. కరుణాకుమారి నీళ్ళ గదిలో తలుపు వేసుకుని, పళ్ళు బిగబట్టి, పాలు పిండి తూములో పోసింది. బిడ్డ ఆకలి అలా తూములో పోతుంటే ఏ తల్లికైనా ఎలా ఉంటుంది? ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. ముఖం కడుక్కుని మళ్ళీ వార్డుకు వెళ్ళింది. పేరమ్మకు ఉడుకునీళ్ళ కాపడం పెట్టాలి.

డాక్టరుగారు వారానికోసారి జీపులో వచ్చేవారు. ఈసారి వచ్చినప్పుడు కరుణాకుమారి చెయ్యి చూపించి జరిగింది చెప్పింది. ఆయన ముందు గాజుల సంగతి అడిగారు, ఆ తరువాత గ్లౌజుల సంగతి.

"చినిగిపోయాయని రెండుసార్లు చెప్పినాను సార్."

"చెప్తే మాత్రం! చైనావాడు మీద పడినప్పటి నుంచి ఏం అడిగినా సరిహద్దుకు పోయిందంటున్నారు. మనకు దూది దొరికితే గొప్ప." ఆయన ఆలోచించి, "నీకు ఇప్పుడు రక్తం తీసి లాభం లేదు, అంటినా కొన్ని వారాల దాకా ఏమీ తెలియదు. ఆమెది తీసి నెల్లూరు పంపించు. అందులో ఉంటే నీకు పెన్సిలిన్ మొదలుపెడదాం. లేకపోతే గొడవే లేదు," అన్నారు.

"ఆమెకేమని చెప్పమంటారు సార్?"

"నీరసానికని చెప్పు. ఇదంతా చెప్తే వాళ్ళకు అర్థమవుతుందా ఏమన్నా?"

ఆయన జీపు ఎక్కగానే కరుణాకుమారి సూది తీసింది. మొండిదైన సూదుల్ని నూనెరాయి మీద తనే నూరేది, కొసకు కొక్కెం ఉందో లేదో దూది మీద లాగి చూసేది. గాజు సిరంజీ, సూదీ గిన్నెలో వేసి స్టవ్వు మీద మరగబెట్టింది. ఎన్నడూ లేనంత సేపు మరగబెట్టింది. పట్టకారుతో తీసేటప్పుడు ఎడమచేతి వేళ్ళు దూరంగా పెట్టుకుంది. ఇన్నేళ్ళ పనిలో ఆమె సూదికి భయపడడం ఇదే మొదలు.

పేరమ్మ గోడవైపు తిరిగి పిల్లకు పాలిస్తోంది. నర్సును చూసి లేవబోయింది.

"పడుకో. కొంచెం నెత్తురు తియ్యాల."

"ఎందుకమ్మా?"

"నీరసంగా ఉండావు గదా. చూద్దామని."

పేరమ్మ ఇంకేమీ అడగలేదు. పిల్లను ఇంకో చేతికి మార్చుకుని చెయ్యి చాపింది. మోచేతికి పైన రబ్బరు గొట్టం బిగించి, మడతలో నరం వెతికి, సూది దించింది కరుణాకుమారి. నల్లటి నెత్తురు సిరంజీలోకి మెల్లగా ఎక్కింది. చూడటానికి అందరి నెత్తురు లాగే ఉంది. "మీ చెయ్యి ఎట్టుందమ్మా? నా గాజులకే గదా తెగింది," అని పేరమ్మ అడిగింది. "తగ్గిపోయింది," అని దూది ఒత్తిపట్టి తల వంచుకుంది నర్సు.

అంబలి చెంబుతో వచ్చిన పిచ్చమ్మ కోడలి మోచేతి దగ్గర దూది చూసింది. చెంబు కింద పెట్టి, దూది ఎత్తి, కింద ఉన్న ఎర్రటి చుక్కను చూసింది. అప్పుడే ఆమె ముఖం కరుణాకుమారి చూసి ఉంటే బాగుండేది. నర్సు అప్పటికి నెత్తురు సీసాకు మూత బిగించి తడిగుడ్డ చుట్టే పనిలో ఉంది.

ఆ పాళెంలో నెత్తురు తీయించుకోనివాళ్ళు లేరు. బోదకాలు పరీక్షవాళ్ళు వచ్చినా, చలిజ్వరం మనుషులు వచ్చినా వేలి కొస గుచ్చి గాజుపలక మీద అద్దుకునేవారు. పిల్లలు కూడా నవ్వుతూ వేలు చాపేవారు. మోచేతి మడత సంగతి వేరు. మద్రాసు హార్బరులో పనికిపోయి పాడైన మగవాళ్ళకు పెద్దాసుపత్రిలో అక్కడే తీస్తారని వాళ్ళకు తెలుసు. వేలు గుచ్చితే జ్వరం, మోచెయ్యి గుచ్చితే సవాయి. అది పాళెం లెక్క. అల్లూరు అవతల పుట్టి, మిషన్ ఆసుపత్రిలో చదువుకుని వచ్చిన కరుణాకుమారికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

*

జయకుమార్ అల్లూరు మీదుగా నెల్లూరుకు తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరు. భార్య ఇచ్చిన సీసాను టిక్కెట్ల సంచీలో పెట్టుకుంటూ, "ఎవురిది?" అన్నాడు.

"పాళెం మనిషిది."

"చేపల వాసన రాదు గదా!" అని నవ్వి బస్సెక్కాడు.

ఆ తరువాతి రోజులు కరుణాకుమారికి ఒక దానిలో ఒకటి కలిసిపోయాయి. పేరమ్మను పిచ్చమ్మ ఇంటికి తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా నర్సుకు దణ్ణం పెట్టలేదు, ఆమె అది గమనించలేదు. కొత్త కాన్పులు వచ్చాయి. ఎవరి నెత్తురు చూసినా ముందు తన వేళ్ళు చూసుకునేది, చేతులు కడిగిందే కడిగేది. గాయం మానుతోంది. మానుతున్న గాయాన్ని చూస్తే ఇంకా భయం, ఆ జబ్బు మానిన గాయం కిందే నిద్రపోతుందని చదివింది కనుక. ఆదివారం గుడిలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె బొటనవేలినే చూస్తూ కూర్చుంది. ప్రార్థన అంటే ఆమెకు ఒక్కటే మిగిలింది. ఆ పాళెం మనిషి నెత్తురు మంచిది కావాలి.

పిల్లవాడు చిక్కిపోయాడు. గేదెపాలు పడక విరేచనాలు పట్టుకున్నాయి. "నీకు జ్వరమూ లేదు, గిరమూ లేదు. బిడ్డను చంపుకోవాలనుండాదా?" అని రెబెక్కమ్మ నిలదీసింది. కరుణాకుమారి తలుపు వేసుకుని పాలు పిండుకుంది. పాలు కూడా తగ్గుతున్నాయి.

ఒకరోజు సాయంత్రం జయకుమార్ సంచీ మేకుకు తగిలిస్తూ, ఏదో కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఆ సీసా అమ్మికి ఏమీ లేదంట. నెత్తురు నిక్షేపంగా ఉండాదంట. డాక్టరుగారికి కూడా చెప్పినారంట."

కరుణాకుమారి లేచిన తీరుకు పీట తిరగబడింది. అత్త ఒళ్ళోంచి పిల్లవాణ్ణి లాక్కుని అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. వాడు ముందు మొహం తిప్పుకున్నాడు, అలిగినట్టు. ఆ తరువాత పట్టుకున్నాడు, ఊపిరి తీసుకోకుండా తాగాడు. ఆమె బోరున ఏడ్చింది. ఇంత సంతోషం తన పెళ్ళినాడు కూడా ఆమె ఎరగదు. దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది, డాక్టరుగారికి చెప్పుకుంది. నెత్తురిచ్చిన మనిషి మాత్రం ఆ రాత్రి ఆమె తలపులోకే రాలేదు.

*

కబురు తెచ్చింది వెంకటశేషమ్మే. పొద్దున్నే చీపురు పట్టుకుని, "పేరమ్మను ఇంట్లోంచి వెళ్ళగొట్టినారంట సిస్టరు," అంది.

"బాలింతనా? ఎందుకు?"

"ఎందుకేముంది! మోచెయ్యి చూసినారు గదా. వలల పాకలో పడేసినారంట పిల్లతోటి. పురిటి నీళ్ళు కూడా పోయలేదంట. కంచం వేరే, కుండ వేరే. నీ వల్లని మొగుడంటాడు, నీ వల్లని అదంటాది. పుట్టింట్లో దానికెవురూ లేరు."

కరుణాకుమారి వార్డు పని ముగించి, ఎండలోనే సరుగుడు చెట్ల సర్వితోపు దాటి పాళెం చేరుకుంది. ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని ఆడవాళ్ళు తిరగేస్తున్నారు. పిచ్చమ్మ కర్రతో కాకుల్ని అదిలిస్తోంది. కాస్త దూరంలో మునెయ్య తెప్ప మాను పక్కన కూర్చుని తాడు పేనుతున్నాడు. నర్సును చూసి అందరి చేతులూ ఆగాయి.

"పిచ్చమ్మా, పేరమ్మకు ఏమీ లేదు. నెల్లూరు నుంచి కబురొచ్చింది. నెత్తురు శుభ్రంగా ఉండాది," అంది కరుణాకుమారి, మంచిమాట మోసుకొచ్చిన మనిషిలా.

"ఏం లేదు?"

"జబ్బు."

"ఏం జబ్బు? ఏం జబ్బుందని చూసినావు నువ్వు, ఇప్పుడు లేదని చెప్పేదానికి?" పిచ్చమ్మ కర్ర కింద పారేసింది. "మంచి ఆడదానికి ఎవురన్నా ఆడ గుచ్చుతారా? అంతమంది కాన్పుకొస్తుండారే, ఎవురికన్నా తీసినావా? నా కోడలికే ఎందుకు తీసినావు?"

కరుణాకుమారి నోరు తెరిచింది. ఏది చెప్పినా ఇంకో ముడి పడేట్టుంది. లేదని చెప్పిన కొద్దీ ఉందేమోనని అనుమానించినట్టే కదా!

మునెయ్య తల ఎత్తకుండా అన్నాడు. "మద్రాసులో నేను ఐసు దిమ్మెలు మోసినానమ్మా. వీపు చూడు, ఇప్పటికీ కాయలుండాయి. ఇంకో పని చెయ్యలా. ఇప్పుడు తెప్పలో పక్కన కూర్చునేవాడు కూడా నా చెయ్యి తగలకుండా జరుగుతుండాడు. ఊళ్ళో నేనెట్టా తిరిగేది?"

అప్పుడు కరుణాకుమారి నిజం చెప్పింది. గాజు పెంకు దిగిందని, పేరమ్మ నెత్తురు తన గాయంలో పడిందని, రెండు కడుపులు పోయాయని విని భయపడ్డానని, ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉన్నాడని. నీరసానికని అబద్ధం చెప్పానని కూడా చెప్పింది. ఎవరూ తిట్టలేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది.

వలల పాక గుమ్మంలో పేరమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో. జుట్టు జడలు కట్టింది, భుజాన పిల్ల నిద్రపోతోంది. ఆమె గొంతులో కోపం లేదు. తెలియనిది అడిగినట్టు అడిగింది.

"నీ చెయ్యి తెగినప్పుడు నా చెయ్యి కూడా తెగింది గదమ్మా. నీ నెత్తురు నాలో పడలేదా?"

కరుణాకుమారి తన బొటనవేలు చూసుకుంది.

"నేను కూడా బిడ్డకు పాలిస్తుండా. నీది చూపించుకున్నావా?"

చూపించుకోలేదు. చూపించుకోవాలని డాక్టరుగారికి తోచలేదు, తనకు తోచలేదు. పడింది తనలోకే అనుకుంది, ఇన్ని రోజులూ. పాళెం నెత్తురు మీద పుట్టిన అనుమానం తన నెత్తురు మీద ఎందుకు పుట్టలేదు? తను శుభ్రమైన మనిషని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో ఆమె చెవులు మండాయి. వచ్చిన దారినే తిరిగి నడిచింది. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే, ఇన్ని రోజుల అలసటా ఒక్కసారి మీద పడినట్టయింది.

*

మరునాడు డాక్టరుగారు వచ్చే రోజు. ఆయన రోగుల్ని చూసి భోజనానికి కూర్చున్నాక కరుణాకుమారి సమాధానం అనే కాంపౌండరు దగ్గరికి వెళ్ళింది. ఆయన పెద్దవాడు, జీపులో మందుల పెట్టెతో డాక్టరుగారి వెంట తిరిగేవాడు.

"అన్నా, నాకు నెత్తురు తియ్యాల."

"కూర్చో తల్లీ, ఇప్పుడే తీస్తా."

"ఇక్కడొద్దు. పాళెంలో."

"పాళెంలోనా? సూది ఆడికి మోసుకుపోయేది ఎందుకమ్మా, ఈడ నీడ పట్టున తీసుకోక?"

"ఇక్కడ తీస్తే ఎవరు చూస్తారన్నా?"

సమాధానం ఆమె ముఖం చూసి ఇక వాదించలేదు. మరగబెట్టిన సిరంజీని గిన్నెతో సహా గుడ్డలో మూటకట్టుకుని వెంట నడిచాడు, దారంతా గొణుక్కుంటూ.

పిచ్చమ్మ గుడిసె ముందు, ఎండుచేపల మధ్య, తిరగేసిన గంప మీద కూర్చుంది కరుణాకుమారి. తెల్ల యూనిఫారం మీదే వచ్చింది. ఎడమ చెయ్యి చాపింది. చేపలు తిరగేసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు.

"ఏందిది?" అంది పిచ్చమ్మ.

"నెత్తురు ఇస్తుండా. పేరమ్మది ఎక్కడికి పోయిందో నాది కూడా అక్కడికే పోతాది. ఆ పరీక్షకే."

"నీకేం జబ్బుందని?"

"తెలీదు పిచ్చమ్మా. తెలీకనే. నా నెత్తురు నీ కోడలి ఒంట్లో పడింది. ఆమెది చూసినప్పుడు నాది కూడా చూడాల్సిందే. నాకు అప్పుడు తోచలేదు. తప్పు నాది."

సమాధానం రబ్బరు గొట్టం కట్టాడు. ఎండకు కళ్ళు చిట్లించి గుచ్చాడు. నరం జారింది. మళ్ళీ గుచ్చాడు. పొక్కులా ఉబ్బింది కానీ నెత్తురు రాలేదు. తిండీ నిద్రా లేని ఒంట్లో నరాలు దాక్కున్నాయి. "చెప్తే విన్నావా తల్లీ," అని ఆయన చెమట తుడుచుకున్నాడు. కరుణాకుమారికి కళ్ళనీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పేరమ్మ పాకలోంచి వచ్చింది. ఆడవాళ్ళు ఆమె తగలకుండా తొలిగి దారి ఇచ్చారు. పిల్లను ఎత్తుకునే, ఒంటి చేత్తో నర్సు ముంజేతిని కిందినుంచి పట్టుకోబోయింది. పిల్ల జారింది.

"పిల్లనిట్టియ్యి!" అని అరిచి పిచ్చమ్మ ముందుకు దూకి మనవరాలిని అందుకుంది.

అందుకున్నాక ఆమె అలాగే ఆగిపోయింది. వాకిలి దాటించిన దినం నుంచి ఆమె ఆ పిల్లను తాకలేదు. పిల్ల కళ్ళు తెరిచి నానమ్మ ముక్కు వైపు చూసింది. పిచ్చమ్మ దాన్ని ఎదకు హత్తుకుని నీడలోకి వెళ్ళి కూర్చుంది.

రెండు చేతులూ ఖాళీ అయిన పేరమ్మ నర్సు చేతిని గట్టిగా పట్టి, బొటనవేలితో పైకి కిందికి రుద్దింది, నరం తేలింది. ఈసారి సూది దిగింది. సిరంజీలోకి నల్లటి నెత్తురు మెల్లగా ఎక్కుతుంటే పాళెం ఆడవాళ్ళంతా తలలు వంచి చూశారు.

"మా నెత్తురు మాదిరిగానే ఉండాదే," అంది వెనకనుంచి ఎవరో.

*

ఆ సాయంత్రం జయకుమార్ బస్సు దిగీ దిగగానే అడిగాడు. దారిలోనే ఎవరో చెప్పారు.

"ఊరంతా చూస్తుండంగా చెయ్యి చాపినావంట?"

"అవును. సీసా రేపు నువ్వు నెల్లూరుకు తీసుకుపోవాల."

"నేనా? ఏం పరీక్షని చెప్పి ఇయ్యమంటావు? మా ఆడదానిదని చెప్పాల్నా? నేనేం తప్పు చేసినాను?"

"నువ్వు చేసినావని ఎవరన్నారు?"

"అనే పనేముంది! పెళ్ళాం ఆ పరీక్షకు నెత్తురిస్తే మొగుణ్ణి ఏమనుకుంటారో నీకు తెలీదా? రేపటి నుంచి బస్సులో నేనెట్టా తిరిగేది?"

మునెయ్య మాటలే అవి. కరుణాకుమారి అతని ముఖంలోకి చూసింది. తప్పు చేసిన ముఖమా, అవమానపడిన ముఖమా? ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అలా వెతకాల్సిన పని ఆమెకు పడలేదు. పేరమ్మ ఇన్ని రోజులూ పాకలో కూర్చుని ఇలాగే వెతుక్కుని ఉంటుంది.

"పేరమ్మ సీసా నవ్వుతా తీసుకుపోయినావే," అంది మెల్లగా.

"అది వేరు," అన్నాడు జయకుమార్. "నేను తీసుకుపోను."

తెల్లవారి బస్సు దగ్గరికి ఆమే వెళ్ళింది, తడిగుడ్డ చుట్టిన సీసా చేతిలో పెట్టుకుని. వార్డులో నొప్పులతో ఒక మనిషి ఉంది, నెల్లూరు పోయి రావడం ఆమెకు కుదరని పని. ఎవరన్నా తెలిసినవాళ్ళు కనబడకపోతారా అని ఆశ. తెలిసినవాళ్ళు కనబడ్డారు, సీసా చూసి మొహం తిప్పుకున్నారు. నిన్న పాళెంలో జరిగింది రాత్రికి రాత్రి ఊరు చేరింది. జయకుమార్ బస్సు మెట్టు మీద నిలబడి అటువైపు చూడకుండా టిక్కెట్లు చింపుతున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఇట్టియ్యి నర్సమ్మా."

పిచ్చమ్మ. పక్కన ఎండుచేపల గంప. నెల్లూరు అంగడికి బయలుదేరింది.

"నువ్వా?"

"పోయేదాన్నే గదా. యాడ ఇయ్యాల్నో చెప్పు." సీసా అందుకుని, గుడ్డ సర్ది, గొంతు తగ్గించి చెప్పింది. "రాత్రి పేరమ్మకు తలకు పోసినాను. ఇంట్లోనే పడుకోనుండాది. మునెయ్య నిప్పుల కుంపటి పెట్టినాడు. నువ్వు పో, నీకు పనుండాది."

కరుణాకుమారి కదల్లేదు. పిచ్చమ్మ గంపను బస్సు పైకి ఎత్తించి, సీసాతో మెట్టు ఎక్కబోయింది. జయకుమార్ అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"సీసాలూ గీసాలూ లోపల కుదరదవ్వా. దారంతా గుంతలు. పగిలితే నాది పూచీ కాదు."

"గంప పైనుండాది గదా నాయనా. ఇది నా ఒళ్ళో పెట్టుకుంటా," అంది పిచ్చమ్మ. సీసాను పైట కింద, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. "బిడ్డతల్లి నెత్తురయ్యా ఇది. మీ డ్రైవర్ని కాస్త మెల్లిగా పోనియ్యమను."

జయకుమార్ చెయ్యి తీశాడు. పిచ్చమ్మ కిటికీ పక్కన కూర్చుంది. అతను విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేదు. బస్సు మధ్యలోంచి ముందుకు నడిచి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, వంగి ఏదో చెప్పాడు. బస్సు మెల్లగా కదిలింది.